గనులు, బావులు, వన్యప్రాణులు

టేకుమట్ల ప్రాంతపు పొలముల నొరసికొని పోవు మానేరు, మంథని దిక్కుగా సాగి గోదావరిలో గలియుచున్నది. గోదావరి భద్రాచలమును, పాపికొండలను దాటి, కోనసీమ కిరువైపుల పాయలై, కోరంగి మడ అడవుల చెంత సముద్రమును జేరుచున్నది. ఈ నది యెగువ లోయలో నేలక్రింద బొగ్గున్నది. దిగువన, యుగయుగములుగా అదే నది మోసికొనివచ్చి పేర్చిన మేటల క్రిందను, వాని కెదురుగానున్న సముద్రగర్భమునందును చమురును, వాయువును గలవు. ఎగువన గనులు త్రవ్వుచున్నాము. దిగువన బావులు దింపుచున్నాము. ఈ రెండింటి నడుమ ఎన్ని మృగములు, పక్షులు, జలచరములు బ్రతుకుచున్నవో, మన పనుల వలన వానికి కలుగుచున్న నష్టమెంతయో తూచి చెప్పు త్రాసు మాత్రము ప్రజలచేత లేదు. ఉన్నదని చెప్పబడు త్రాసు అమ్మువాని చేతనే యున్నది. నేడు పాఠకులతో మేము ముచ్చటింపదలచినది ఈ త్రాసును గూర్చియే.

మొదటనే యొక మాట. బొగ్గు వలదనువారము మేము గాము. 1871లో డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొన్న నాటినుండి నేటివరకు ఆ నల్లని రాయి ఈ దేశమున కెంత వెలుగు నిచ్చినదో, ఎన్ని వేల కుటుంబములకు కూడు పెట్టినదో మేమెరుగుదుము. 1920లో ఏర్పడిన సింగరేణి కంపెనీలో నేడు నూటికి 51 వంతులు తెలంగాణ ప్రభుత్వమువి. 49 వంతులు కేంద్ర ప్రభుత్వమువి. అనగా గని మనది, లాభము మనది. నష్టమును గూడ మనమే లెక్కవేసికొనవలసియున్నది. పరాయివాడు దోచుకొనుచున్నాడని చెప్పి తప్పించుకొనుటకు మనకు వీలులేదు.

టేకుమట్లకు తూర్పున భూపాలపల్లి గనులు, చెల్పూరునందలి 1100 మెగావాట్ల విద్యుత్కేంద్రము, తాడిచెర్ల ఓపెన్‌కాస్టు గని గలవు. భూగర్భ గనికిని, ఓపెన్‌కాస్టు గనికిని అడవి విషయమున పెద్ద భేదము గలదు. భూగర్భ గనిలో కార్మికుడు లోనికి దిగును. పైనున్న చెట్టు చాలవరకు నిలిచియుండును. ఓపెన్‌కాస్టు గనిలో చెట్టు, పుట్ట, వాగు, మన్ను అన్నియు తొలగిన పిదపనే బొగ్గు కనబడును. త్రవ్విన మట్టి గుట్టలుగా పెరుగును. బొగ్గు పొరలను చేరుటకు గని నీటిని నిరంతరము తోడి పోయవలెను. దానితో చుట్టుపట్ల భూగర్భజలము దిగిపోవును. రాత్రింబవళ్ళు లారీలు తిరుగు బాట, పేలుళ్ళ మ్రోత, ఆరని దీపములు అడవిని ముక్కలు చేయును. పదివేల ఎకరముల అడవి నడుమ ఒక బాట వేసినచో పోయినది బాట మేర నేల యని కాగితము చెప్పును. కాని ఆ బాటను దాటుటకు జంకు జంతువునకు సగము అడవి పోయినట్లే. నీటికి ఒక దిక్కునకును, మేతకు మరియొక దిక్కునకును పోవు దుప్పికి, మనుబోతుకు, ఎలుగుబంటికి ఈ భేదము ప్రాణాంతకము.

ఇది యెవరికో సంబంధించిన దూరపు గొడవ యని మన భూస్వాములును, పట్టణవాసులును తలచరాదు. చేలగట్టున నిలిచి చూచిన రైతు కిది తెలిసినదే. అడవిలో ఇప్పచెట్టు క్రింద, దుంపల కడ కడుపు నింపుకొనవలసిన అడవిపంది మొక్కజొన్న చేనిలో బడుచున్నది. దానికై రైతు కరెంటు తీగ కట్టుచున్నాడు. ఆ తీగకు పందియే కాదు, తెల్లవారుజామున నీరు పెట్టుటకు పోయిన మనుష్యుడును బలియగుచున్నాడు. ఇట్టి వార్తలు తెలంగాణములో ఏటేట పత్రికల కెక్కుచునే యున్నవి. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవులనుండి పులులు ప్రాణహితను, గోదావరిని దాటి మనవైపు వచ్చుచున్నవి. 2024 ఏప్రిల్‌లో ప్రాణహిత దాటివచ్చిన ఒంటరి యేనుగు ఆసిఫాబాదు జిల్లాలో ఇద్దరు రైతులను చంపెను. దాని రాకకు ఏదో యొక గనియే కారణమని మేమనము. కాని 2021లో భారత వన్యప్రాణి సంస్థ ఛత్తీస్‌గఢ్‌నందలి హస్‌దేవ్ అడవులను గూర్చి యిచ్చిన నివేదికను మన ప్రభుత్వములు మరల చదువుట మంచిది. దేశమునందలి ఏనుగులలో నూటికి ఒక వంతుకంటె తక్కువ యున్న ఆ రాష్ట్రమున, ఏనుగుల వలన దేశములో చనిపోవు మనుష్యులలో నూటికి పదునైదు మందికంటె ఎక్కువ చనిపోవుచున్నారని అది తెలిపినది. అక్కడి బొగ్గు అడవులలో గనులు పెరిగినచో ఈ ఘర్షణ మరింత ముదురునని హెచ్చరించినది. ఇల్లు పోయిన జంతువు ఇరుగుపొరుగు చేలను వెదకుకొనును. అడవి నష్టమును లెక్కింపని లెక్క కడకు రైతు ఖాతాలోనే వ్రాయబడుచున్నది.

ఇట్టి నష్టమును తూచుట సాధ్యమా యని కొందరడుగుదురు. సాధ్యమే. దానికి నిదర్శనము లోకములో మనకు మిక్కిలి దూరమైన చోట, ఉత్తర ధ్రువ సీమలో దొరకుచున్నది. అలాస్కా ఉత్తర తీరమున ప్రూడో బే యనుచోట 1968లో గొప్ప చమురునిధి బయల్పడెను. 1977లో 800 మైళ్ళ గొట్టము గుండ ఆ చమురు దక్షిణ తీరమునకు ప్రవహింప నారంభించెను. ఆ మంచునేలలో కారిబూ యను దుప్పిజాతి వేలకొలది మందలుగా తిరుగును. చమురు బాటలు పడిన తరువాత ఈనిన ఆడుకారిబూలు పిల్లలతో ఆ బాటలకు కొన్ని కిలోమీటర్ల దూరమున తొలగిపోవుచున్నవని పరిశోధకులు కనుగొనిరి. కాని ఆ మంద తగ్గలేదు, పెరిగెను. 1970ల నడుమ సుమారు 5 వేలున్న మంద 2010 నాటికి 60 వేలు మించెను. చమురు వలన జంతువులకు మేలే కలిగినదని కొందరు చెప్పుకొనుటకు అదియొక ఆధారమాయెను. 2016లో లెక్కించినప్పుడు ఆ మంద 23 వేలకు లోపడియుండెను. చమురు పెంచినదని గాని, చమురు తగ్గించినదని గాని ఒక్క సంవత్సరపు లెక్కతో చెప్పువాడు పొరబడునని ఈ యుదాహరణము చూపుచున్నది. అన్నము ఉడికినదా లేదా యని తెలిసికొనుటకు ఒక మెతుకు పట్టిచూచుట స్థాలీపులాక న్యాయము. అది కుండలోని అన్నమునకు చెల్లును. నలువది యేండ్లు ఏటికేడు చూచినగాని అంతుచిక్కని మందకు చెల్లదు.

అక్కడి చమురు పనుల ఫలితములన్నింటిని కలిపి చూచుటకు అమెరికా జాతీయ పరిశోధన మండలి పూనుకొని 2003లో నివేదిక వెలువరించెను. ఒక్కొక్క బావి, ఒక్కొక్క బాట విడివిడిగా చిన్నవే. మూడు దశాబ్దములలో అవి యొకదానిపై నొకటి పేరుకొని ప్రాంతమంతటిని మార్చివేసినవని ఆ నివేదిక సారాంశము. చమురు శిబిరముల చెత్తకు మరగిన నక్కలు, కాకులు పెరిగి, నేలపై గూళ్ళు కట్టు పక్షుల గుడ్లను తినివేయుచున్నవి. సముద్రములో భూకంపన పరీక్షల మ్రోతకు తిమింగిలములు త్రోవ మార్చుకొనుచున్నవి. ఈ చివరి సంగతిని మొదట చెప్పినవారు శాస్త్రజ్ఞులు కారు. ఆ తీరమున వేటాడి బ్రతుకు ఇనుపియాట్ జనులు. అంతకు పూర్వము, 1977లో, తిమింగిలములు చాల కొద్దిగానే యున్నవని అంతర్జాతీయ సంఘము వారి వేటను నిషేధించినప్పుడు గూడ, అవి మంచుక్రింద సాగిపోవుటచే మీకు కనబడుట లేదని వారు మొరపెట్టుకొనిరి. నీటిలో శబ్దగ్రాహక యంత్రములు దింపి వినిన పిదప వారి మాటయే నిలిచెను. మన మానేటి యొడ్డున గొర్రెలు మేపువారికి, వలలు వేయువారికి, అడవిలో తునికాకు కోయువారికి ఇట్టి తెలివి లేదని యెవరనగలరు? వారినడిగి వ్రాసికొన్న గని నివేదిక యెక్కడ గలదు?

ధ్రువ సీమలు నేర్పిన మరియొక పాఠము ప్రమాదమును గూర్చినది. అలాస్కా దక్షిణ తీరమున 1989 మార్చి 24వ తేదీన ఎక్సాన్ వాల్డీజ్ అను నౌక బండకు తగిలి, నాలుగు కోట్ల లీటర్ల చమురు సముద్రము పాలయ్యెను. రెండున్నర లక్షల సముద్రపక్షులు, సుమారు 2800 సముద్రపు నీటికుక్కలు చనిపోయినవని అంచనా వేసిరి. అది అంచనాయే, ప్రమాదమునకు ముందు ఎన్ని యుండెనో సరిగా లెక్కించి యుండకపోవుటచే పోయినవెన్నియో తేల్చుట వివాదములపాలయ్యెను. 2020 మేలో రష్యా ఉత్తర ప్రాంతమైన నోరిల్స్కు వద్ద విద్యుత్కేంద్రపు డీజిలు తొట్టి కూలి సుమారు 21 వేల టన్నుల డీజిలు నేలలోనికి, నదులలోనికి పారెను. ముందు లెక్క లేనివానికి వెనుక నష్టపరిహారము లేదు. నీరు పోయిన పిదప కట్ట కట్టుటను మన పెద్దలు గతజల సేతుబంధన మనిరి.

దక్షిణ ధ్రువము కథ వేరు. 1991లో మాడ్రిడ్‌లో కుదిరి 1998లో అమలునకు వచ్చిన ఒప్పందము అంటార్కిటికాలో గనులు, చమురు బావులు కూడదని నిషేధించినది. భారతదేశము అందులో చేరినది. 2022లో మన పార్లమెంటు ఆ నిషేధమును మన చట్టముగా గూడ చేసినది. పెంగ్విను పక్షి బ్రతుకుచోట త్రవ్వరాదని ఢిల్లీలో చట్టము చేసిన మనము, గోదావరి ముఖమున నీటికుక్క బ్రతుకుచోట త్రవ్వుటకు ముందు కనీసము చూడవలెనను నియమమును సడలించుకొనుట విచిత్రము.

సడలించితిమనుట నిందావాక్యము గాదు. 2020 జనవరి 16వ తేదీన కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటనము వెలువరించి, చమురు వాయువుల అన్వేషణకై నేలపైనను, సముద్రముపైనను వేయు బావులను, ప్రభావ పరిశీలనము గాని, ప్రజాభిప్రాయ సేకరణము గాని అక్కరలేని తరగతిలోనికి దించెను. ఉత్పత్తికి పోవునప్పుడే పరిశీలనము. అన్వేషణ యనగా ఊరక వెదకుటయే కదా, దానిచే హాని యేమని వారి వాదము. అన్వేషించు బావిలోనను అదే ఒత్తిడి, అదే వాయువు ఉండును. నేలలోపలి ఒత్తిడి యెంతయో ముందుగా తెలియకపోవుటచే జాగ్రత్త మరింత కావలసినది ఆ దశయందే. 1995 జనవరి 8వ తేదీన కోనసీమలోని పాసర్లపూడి వద్ద త్రవ్వుచున్న బావి పగిలి 65 దినములు మండినది. 2014 జూన్ 27వ తేదీన నగరములో వాయువు గొట్టము పేలి ఇరువదిమందికి పైగా మాడి చనిపోయిరి. మనుష్యుల లెక్క తెలిసినది. ఆ మంటలలో, ఆ పొగలో పోయిన పక్షుల మాట యడిగినవారు లేరు.

కోనసీమకు ప్రక్కనే, 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన కోరంగి గలదు. 235 చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ మడ అడవిలో నీటికుక్కలు, చేపలు పట్టి బ్రతుకు బావురుపిల్లులు గలవు. దాని కెదుటి ఇసుక దీవిపై చలికాలము వెళ్ళునాటికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టుటకు వచ్చును. గుడ్డునుండి వెలువడిన పిల్ల రాత్రి వెలుతురున్న దిక్కు సముద్రమని నమ్మి పోవును. తీరమున మంటలు, దీపములు మితిమీరినచో త్రోవ తప్పును. తూర్పుతీరమున చచ్చి కొట్టుకొనివచ్చు తాబేళ్ళలో పెక్కింటికి మరపడవల వలలే కారణమను మాటను గూడ న్యాయముగా చెప్పవలసియున్నది. ఒకరి తప్పు మరియొకరిపై వేయుట మా యభిమతము గాదు. వలకెంత, దీపమున కెంత, చమురునకెంత యని విడదీసి చెప్పగల పరిశీలనము కావలెననియే మా వాదము.

ఇక మన పరిశీలన పద్ధతిని చూతము. పర్యావరణ ప్రభావ పరిశీలన నిబంధన 1994లో మొదట వచ్చినది. నేడు నడచుచున్నది 2006 సెప్టెంబరు 14వ తేదీ నాటిది. దాని ప్రకారము నివేదికను వ్రాయు నిపుణులను నియమించి, వారికి సొమ్ము చెల్లించువాడు గని పెట్టదలచినవాడే. వరుని గుణగణములు విచారించుటకు వరుని తండ్రియే మధ్యవర్తిని పంపినట్లున్నది. నిపుణులందరు అబద్ధమాడుదురని మేమనము. సొమ్మిచ్చువానికి కిట్టని నిజమును చెప్పు నిపుణునికి రెండవ పని దొరకుట కష్టమని లోకము నెరిగినవారి కందరికి తెలియును. రెండవ లోపము కాలమును గూర్చినది. వానకాలమును విడిచి ఒక్క ఋతువు పరిశీలించిన చాలునని సామాన్యముగా గడచిపోవుచున్నది. మన అడవికి ప్రాణము వానకాలమే. మే నెలలో ఎండిన వాగును చూచి ఇందు చేపలు లేవని వ్రాయుట కాకదంత పరీక్ష వంటిది. మూడవ లోపము అన్నింటికంటె పెద్దది: ప్రతి గనిని విడిగా చూచుట. భూపాలపల్లి గనికి ఒక నివేదిక, తాడిచెర్ల గనికి ఒక నివేదిక, చెల్పూరు కొలిమికి ఒక నివేదిక. ఒక్కొక్కటి తన చుట్టు పది కిలోమీటర్ల గీత గీసికొని తనవలన కలుగు హాని స్వల్పమని ముగించును. ఏటూరునాగారము అడవినుండి బయలుదేరిన పులికి, మంథని సమీపమున శివారము మడుగులలోని మొసలికి ఆ గీతలు తెలియవు. గ్రుడ్డివారు ఏనుగును తడిమి చెప్పిన అంధగజ న్యాయమునకు ఇంతకంటె చక్కని యుదాహరణము దొరకదు.

నివేదిక భాష మరియొక విచిత్రము. సారాంశము తెలుగులో నుండవలెనని నిబంధన; వందల పుటల అసలు నివేదిక ఆంగ్లములోనే యుండును. 2020లో కేంద్రము ఈ నిబంధనలనే మార్చుటకు ముసాయిదా తయారుచేసినప్పుడు, దానిని షెడ్యూలు భాషలన్నింటిలో ప్రకటింపవలెనని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసివచ్చెను. ప్రజాభిప్రాయ సేకరణకు ముప్పది దినములు గడువిచ్చి, చదువలేని గ్రంథమును చేతికిచ్చి, అభిప్రాయము చెప్పుమని రైతు నడుగుట యేమి మర్యాద? అట్టి సభలలో ఉద్యోగముల మాట, నష్టపరిహారపు మాట వినబడును. అవి న్యాయమైన మాటలే. జంతువుల మాట యెత్తువాడు లేడు, ఎత్తినను నవ్వులపాలగును.

మనుష్యులకే దిక్కులేనప్పుడు మృగముల గొడవ యేమని కొందరందురు. ఈ మాటలో దయ యున్నట్లు కనబడును. కాని అడవి నరికినచోట పేదవాడు ధనవంతుడైన దాఖలా లెక్కడ? ఇప్పపువ్వు, తునికాకు, తేనె, వంటచెరకు కోల్పోయినవాడును, చేను పందులపాలైనవాడును, బావి ఎండినవాడును పేదవాడే. దుప్పి నీరు త్రాగు వాగు ఎండినప్పుడు పశువు త్రాగు వాగును ఎండును. దేశమునకు కరెంటు కావలెను, నిజమే. ఆ కరెంటును ఏ వెలకు కొనుచున్నామో తెలియకుండ కొనుట గృహస్థు లక్షణము గాదు. ఎకరము భూమి కొనునప్పుడు పది పహాణీలు తిరుగవేయు మన భూస్వాములు వేల యెకరముల అడవిని ఒక్క సంతకముతో వదలుకొనుటకు సమ్మతింతురా?

కావున మేము కోరునది గని మూయుటను గాదు, త్రాసును మార్చుటను. నివేదికకగు సొమ్మును కంపెనీ ప్రభుత్వమునొద్ద జమచేయవలెను. నిపుణులను ఎన్నుకొను అధికారము కంపెనీతో సంబంధములేని సంస్థకుండవలెను. పరిశీలనము మూడు కాలములు గడచునట్లు సంవత్సరము నిండ సాగవలెను. మానేరు మొదలు కోరంగి వరకు గోదావరి లోయనంతటిని ఒక్క శరీరముగా నెంచి, గనులు, కొలుములు, బావులు, గొట్టములు, ఇసుక త్రవ్వకములు అన్నింటి హానిని కలిపి చూపు ఉమ్మడి నివేదిక ఐదేండ్ల కొకమారు వెలువడవలెను. అన్వేషణ బావులకు 2020లో ఇచ్చిన మినహాయింపును తొలగింపవలెను. అనుమతి యిచ్చిన తరువాత పని ముగిసినట్లు తలపక, ఏటేట జంతుగణనము చేసి ఆ లెక్కను అచ్చువేయింపవలెను. పూర్తి నివేదిక తెలుగులో ప్రతి గ్రామపంచాయతికి చేరవలెను. ఇన్ని చేసిన పిదప కొన్ని చోట్ల త్రవ్వనే కూడదని తేలినచో, అంటార్కిటికా విషయమున చూపిన ధైర్యమును మన నదీతీరమున గూడ చూపవలెను.

ప్రభుత్వము చేయువరకు ప్రజలు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. టేకుమట్ల, చిట్యాల, మల్హర్‌రావు మండలములందలి చదువుకొన్నవారు తమ యూరి వృద్ధులను, గొర్రెలకాపరులను, బెస్తవారిని అడిగి, ఏ వాగున ఏ జంతువు నీరు త్రాగెడిదో, ఏ సంవత్సరమునుండి కనబడుట మానెనో, ఏ పక్షి యే నెలలో చెరువునకు వచ్చునో ఒక పుస్తకమున వ్రాయింతురుగాక. దానికి ఖర్చు లేదు. కొన్ని సాయంకాలములు చాలును. రేపు కలెక్టరుగారి సమక్షమున ప్రజాభిప్రాయ సభ జరిగినప్పుడు, ఇక్కడ చెప్పుకొనదగిన వన్యప్రాణులు లేవని కంపెనీ నివేదిక చదువబడినచో, లేచి నిలిచి ఆ పుస్తకమును సభముందుంచుటకు ఒక్కరైనను ఉండవలెను. ఆ యొక్కరు మన పాఠకులలోనివారు కావలెనని మా కోరిక.